కొట్టే కర్ర, దూకించే కర్ర

మీలో గూటీబిళ్ల ఆడనివారు ఉండరు. మీ ఊళ్లో దాన్ని కర్రాబిళ్ల అంటారో, బిళ్లంగోడు అంటారో నాకు తెలియదుగాని, ఆట మాత్రం ఒక్కటే. రెండు కొసలూ చెక్కిన చిన్న బిళ్ల, మూరెడో మూరన్నరో ఉన్న కర్ర. బిళ్ల ముక్కు మీద కర్రతో కొడితే బిళ్ల గాలిలోకి లేస్తుంది. లేచిన బిళ్లను మళ్లీ అదే కర్రతో బాదితే పొలాల్లోకి పోతుంది.

చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో మేము నాగావళి ఒడ్డున ఇది ఆడేవాళ్లం. ఒక ఏడు అందరికంటె దూరం కొట్టాలని పట్టుదల కలిగి, నా మణికట్టంత లావున్న చింతకర్ర ఒకటి సంపాదించాను. మా చిన్నాన్న దాన్ని చూసి, "ఇదేట్రా, దంపుడు రోకలి ఎత్తుకొచ్చీసేవు? దీన్ని ఊపడానికి పాలేరుని పెట్టుకోవాల!" అన్నాడు. ఆయన మాట నేను వినలేదు. ఆ రోజు సాయంత్రానికి నా బిళ్ల ఒక్కటీ గట్టు దాటలేదు. సగం దెబ్బలు బిళ్లకు తగలనే లేదు. సన్నని సరుగుడు కర్ర పట్టుకున్న పిల్లవాడు మమ్మల్నందరినీ ఓడించాడు.

బరువైన కర్ర ఎందుకు ఓడిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు గూటీబిళ్ల కంటె పూల్ ఆటలో బాగా స్పష్టంగా కనబడుతుంది. అక్కడ కర్ర బరువు, పొడవు, కొన అన్నీ కొలతలకు లొంగుతాయి. పైగా గూటీబిళ్లలో ఒకే కర్ర చేసే రెండు పనులకు, అంటే లేపడానికీ బాదడానికీ, పూల్ ఆటగాళ్లు రెండు వేరువేరు కర్రలు కొంటారు. వాటిని ఎలా ఎంచుకోవాలో తెలుసుకుంటే మీ బిళ్ల కర్ర సంగతి కూడా తేలిపోతుంది.

రెండు పనులు

పూల్ బల్లకు నాలుగు మూలలా నాలుగు, పొడుగు వైపుల మధ్యలో రెండు, మొత్తం ఆరు జేబులుంటాయి. బల్ల పైభాగం పలకరాయి. దాని మీద ఉన్ని గుడ్డ బిగించి ఉంటుంది. పెద్ద బల్ల మీద ఆడే చోటు 254 సెంటీమీటర్ల పొడవు, 127 సెంటీమీటర్ల వెడల్పు. కర్రతో తెల్లబంతిని మాత్రమే కొట్టాలి. తెల్లబంతి వెళ్లి రంగు బంతులను కొట్టి జేబుల్లో పడవేయాలి. బంతులన్నీ ఒకే కొలత. వ్యాసం 5.7 సెంటీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. కొట్టే కర్రను క్యూ అంటారు.

ఆట మొదట్లో రంగు బంతులన్నీ ముక్కోణంగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మొదటి దెబ్బతో ఆ గుంపును చెదరగొట్టాలి. దీన్ని బ్రేక్ అంటారు. ఆట మొత్తంలో ఇంత గట్టి దెబ్బ మరొకటి ఉండదు. ఆ తరువాత ఎప్పుడైనా తెల్లబంతికీ కావలసిన బంతికీ మధ్య వేరొక బంతి అడ్డు నిలిస్తే, తెల్లబంతిని దాని మీదుగా కప్పలా దూకించాలి. దీన్ని జంప్ అంటారు. మామూలుగా ఆడే క్యూతో ఈ రెండూ చేయవచ్చు. కాని ఆ కర్ర కొనకు మెత్తని తోలుబిళ్ల అతికి ఉంటుంది. రోజూ బ్రేక్ దెబ్బలు తింటే ఆ తోలు అణిగి, పుట్టగొడుగు తలలా పక్కలకు పొంగిపోతుంది. అందుకని బ్రేక్‌కు ఒకటి, జంప్‌కు ఒకటి వేరే కర్రలు వచ్చాయి.

బరువు ఒక్కటే చాలదు

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో సాధన చేసి ఎదిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక ఎత్తులో 110, మరొక ఎత్తులో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చిన సంగతి మీకు తెలుసు. 130 కిలోలను ఒక్క మీటరు ఎత్తడానికే దాదాపు 1,270 జౌళ్ల శక్తి కావాలి. మరి గట్టి బ్రేక్ దెబ్బలో తెల్లబంతికి ఎంత శక్తి ఉంటుందో లెక్క వేయండి. బంతి 165 గ్రాములు, వేగం సెకనుకు 9.4 మీటర్లు అనుకుంటే గతిజశక్తి సుమారు 7.3 జౌళ్లు. కిలో బియ్యం సంచిని నేల మీద నుంచి ముప్పాతిక మీటరు ఎత్తడమంత పని! దీనికి కండబలంతో పెద్ద అవసరం లేదు. ఆ కాస్త శక్తినీ రెప్పపాటుకన్నా ఎంతో తక్కువ కాలంలో బంతికి అందించడమే కష్టం.

కర్ర కొన బంతికి తగిలి ఉండే కాలం సెకనులో వెయ్యో వంతు మాత్రమే. అంత కొద్ది సేపట్లో చెయ్యి ఇంకా నెట్టి సహాయం చేయడమంటూ జరగదు. అంతకు ముందు చెయ్యి కర్రకు ఎంత వేగం ఇచ్చిందో అదే లెక్క. కనుక బంతి వేగాన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: కర్ర వేగం, కర్ర బరువు, కర్ర కొన ఎంత బాగా తిరిగి ఎగరగొడుతుంది అన్నది. మొదటి రెండూ మీకు తెలుసు. మూడోదాన్ని కొలవడానికి ఇంట్లోనే చిన్న ప్రయోగం చేద్దాం.

సైకిల్ దుకాణంలో పాత బేరింగు నుంచి ఒక ఉక్కు గోళీ అడిగి తెచ్చుకోండి. గోడకు స్కేలు ఆనించి సరిగ్గా 50 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఆ గోళీని బండరాయి మీద వదలండి. తిరిగి ఎంత ఎత్తు లేచిందో స్నేహితుణ్ణి చూడమనండి. తరువాత అదే గోళీని పాత తోలు చెప్పు మీద, రబ్బరు చెప్పు మీద, చెక్కపీట మీద వదిలి చూడండి. లేచిన ఎత్తును వదిలిన ఎత్తుతో భాగించి, దాని వర్గమూలం కట్టండి. వచ్చిన సంఖ్యను ప్రత్యావస్థాన గుణకం అంటారు. పేరు పెద్దదేగాని అర్థం తేలిక. వచ్చిన వేగంలో ఎంత భాగం తిరిగి దక్కిందో అది చెబుతుంది. 50 సెంటీమీటర్ల నుంచి పడి 28 సెంటీమీటర్లు లేస్తే గుణకం 0.75. 36 లేస్తే 0.85. మెత్తనివి దెబ్బలో కొంత శక్తిని మింగేస్తాయి. గట్టివి చాలావరకు తిరిగి ఇచ్చేస్తాయి.

క్యూ కొనకు అతికే మామూలు తోలుబిళ్ల గుణకం దాదాపు 0.75. బ్రేక్ కర్రలకు గట్టి తోలు గాని, ఫినాలిక్ అనే పదార్థం గాని వాడతారు. ఫినాలిక్ గుణకం దాదాపు 0.85. ఈ ఫినాలిక్ మీకు కొత్తదేమీ కాదు. 1907లో బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త తయారు చేసిన బేకలైట్ ఈ జాతిదే. పాతకాలపు నల్లని కరెంటు స్విచ్చులు, ప్రెషర్ కుక్కరు పిడి చూడండి. ఇప్పటి పూల్ బంతులు కూడా ఫినాలిక్ రెసిన్‌తోనే పోస్తారు. ఒకప్పుడు వీటిని ఏనుగు దంతంతో చేసేవారు. ఈ బంతుల కోసం ఎన్ని ఏనుగులు ప్రాణాలు పోగొట్టుకున్నాయో! మన విశాఖపట్నం పనివారు 18వ శతాబ్దంలో దంతం పొదిగిన కుర్చీలకూ పెట్టెలకూ పేరు పొందినవారే. ఆ దంతం స్థానంలో ఇప్పుడు రసాయనశాల నుంచి వచ్చిన పదార్థం దొర్లుతున్నది.

ఇక లెక్క వేద్దాం

కర్ర బరువును, కర్ర బరువూ బంతి బరువూ కలిపిన మొత్తంతో భాగించండి. దాన్ని, ప్రత్యావస్థాన గుణకానికి 1 కలిపిన సంఖ్యతో గుణించండి. వచ్చినదాన్ని కర్ర వేగంతో గుణిస్తే బంతి బయలుదేరే వేగం వస్తుంది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం నుంచి దీన్ని మీరే రాబట్టవచ్చు. ఒక ఆదివారం కూర్చుని ప్రయత్నించండి.

540 గ్రాముల కర్ర, తోలు కొన, కర్ర వేగం సెకనుకు 7 మీటర్లు అనుకుందాం. బంతి వేగం 9.4 మీటర్లు వస్తుంది. ఇప్పుడు దాని బదులు 700 గ్రాముల కర్ర తీసుకోండి. పోటీల్లో అనుమతించే గరిష్ఠ బరువు 25 ఔన్సులు, అంటే సుమారు 708 గ్రాములు కాబట్టి, దాదాపు దొరికేవాటిలోకెల్లా బరువైన కర్ర అన్నమాట. అదే వేగంతో ఊపగలిగితే బంతి వేగం 9.9 మీటర్లు. బరువు 30 శాతం పెరిగితే బంతి వేగం పెరిగింది 6 శాతం లోపే! అయితే చెయ్యి అదే చెయ్యి కదా. బరువు పెరిగినందుకు కర్ర వేగం 7 నుంచి 6.5కు తగ్గిందనుకోండి. అప్పుడు బంతి వేగం 9.2. అంటే మొదటి తేలిక కర్రకన్నా తక్కువ. నా చింతకర్ర కథ ఇదే.

ఇప్పుడు బరువు మార్చకుండా 540 గ్రాముల కర్రకే ఫినాలిక్ కొన పెట్టి చూడండి. మళ్లీ 9.9 మీటర్లే వస్తుంది! 160 గ్రాములు అదనంగా మోసి సంపాదించినదంతా గోరంత కొన ఉత్తినే ఇచ్చేసింది. అందుకే బ్రేక్ కర్ర కొనేవారు ముందు చూడవలసింది కొన, తరువాత బరువు. సాధారణంగా బ్రేక్ కర్రలు 510 నుంచి 600 గ్రాముల మధ్య ఉంటాయి. మీ వయసు పిల్లల చేతికి ఆ మెట్టులో కింది అంచే బాగుంటుందని నా అభిప్రాయం. ఒక్క విషయం మాత్రం మరువకండి. కొన్ని పోటీల్లో ఫినాలిక్ కొనను నిషేధించారు. ఆడబోయే చోటి నిబంధన ముందే అడిగి తెలుసుకుంటే డబ్బు వృథా కాదు.

గురి సంగతి చెప్పకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. బ్రేక్ దెబ్బలో తెల్లబంతి సుమారు 120 సెంటీమీటర్లు దొర్లి మొదటి బంతిని కొడుతుంది. బయలుదేరినప్పుడు దిశ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడికి వెళ్లేసరికి 2 సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. బంతి మొత్తం వ్యాసమే 5.7 సెంటీమీటర్లు! అలా పక్కగా తగిలితే మొదటి బంతికి అందే శక్తిలో దాదాపు ఏడో వంతు తగ్గిపోతుంది. కర్రకు 160 గ్రాములు కలిపితే పెరిగిన శక్తి సుమారు తొమ్మిదో వంతు మాత్రమే. కాబట్టి బరువైన కర్ర మీ గురిని ఒక్క డిగ్రీ చెడగొట్టినా బేరం నష్టమే.

పైకి ఎగరాలంటే కిందికి కొట్టాలి

ఇప్పుడు జంప్ సంగతి. బంతిని పైకి లేపాలంటే కర్రను కింది నుంచి దూర్చి పైకి చిమ్మాలని ఎవరికైనా తోస్తుంది. అలా కావాలని చిమ్మడం పూల్‌లో తప్పు. సరియైన పద్ధతి దీనికి తలకిందులు. కర్ర వెనక భాగాన్ని పైకెత్తి, ఏటవాలుగా బంతిని కిందికి, బల్లలోకి కొట్టాలి. కింద పలకరాయి ఉంది కనుక బంతి దానికి తగిలి, నేలకు కొట్టిన బంతిలా పైకి లేస్తుంది.

గూటీబిళ్ల గుర్తుకు వచ్చిందా? అక్కడా కిందికి కొడితేనే బిళ్ల పైకి లేస్తుంది. కాని రెంటికీ తేడా ఉంది. బిళ్ల కొస చెక్కి ఉంటుంది కాబట్టి నేలకు ఆనదు. దాని మీద కొడితే బిళ్ల ఏతాం దూలంలా ఒక వైపు దిగి, గిర్రున తిరుగుతూ నేల నుంచి ఎగురుతుంది. బంతికి అలాంటి కొస లేదు. అది నేరుగా రాతి నుంచి తిరిగి లేవాలి. ఇక్కడే కర్రకు కొత్త పరీక్ష ఎదురవుతుంది. బంతి లేచే దారిలో కర్ర ఇంకా ఉంటే ఏమవుతుంది? రాతికీ కర్రకూ మధ్య బంతి ఇరుక్కుపోతుంది.

దెబ్బ తగిలాక కర్ర ఎంత వేగంతో ముందుకు సాగుతుందో లెక్క చూడండి. రాయి సంగతి అలా ఉంచి, అడ్డులేని బంతినే కొట్టామనుకుందాం. కొన గుణకం 0.85 అయితే 540 గ్రాముల కర్ర దెబ్బ తరువాత కూడా తన వేగంలో సగానికి పైగా నిలుపుకుని బంతి వెంట పడుతుంది. 250 గ్రాముల కర్రకు నాలుగో వంతు వేగమే మిగులుతుంది. వెనక రాయి కూడా ఉంటే అంత తేలిక కర్ర గబుక్కున వెనక్కు తుళ్లి దారి ఇస్తుంది. అందుకే జంప్ కర్రలు 200 నుంచి 280 గ్రాముల దాకా ఉంటాయి, అంటే బ్రేక్ కర్రలో సగం బరువు. పొడవు కూడా తక్కువ. మామూలు క్యూ 147 సెంటీమీటర్లు ఉంటే ఇది 102 నుంచి 107 సెంటీమీటర్లు ఉంటుంది. నిబంధనల ప్రకారం ఏ క్యూ అయినా 40 అంగుళాలకు, అంటే సుమారు 102 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పొట్టి కర్రను ఏటవాలుగా ఎత్తి పట్టుకోవడమూ సులభమే. కొన మాత్రం బ్రేక్ కర్రకన్నా గట్టిగా ఉన్నా మంచిదే.

చూశారా! ఒక పనికి బరువు కొంత ఉపకారం, రెండో పనికి అదే బరువు శత్రువు.

ఈ సంగతి అన్ని బల్లల ఆటలకూ వర్తిస్తుందనుకోకండి. 1875లో జబల్‌పూర్‌లో ఆంగ్ల సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్ ఆరంభించగా, 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు ఏర్పడిన స్నూకర్ ఆటలో తెల్లబంతిని వేరే బంతి మీదుగా దూకించడం సాధారణంగా తప్పే. అక్కడ జంప్ కర్రతో పని లేదు.

రెండూ ఒకే కర్రలో?

రెండు కర్రలు కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకని మూడు ముక్కలుగా విడిపోయే కర్ర ఒకటి చేస్తారు. మొత్తం బిగిస్తే బ్రేక్ కర్ర. చేతి వైపు బరువు ముక్కను మర తిప్పి తీసేస్తే మిగిలిన ముందు భాగం జంప్ కర్ర. మొదటిసారి కొనేవారికి ఇది తెలివైన బేరమే. అయితే ఇలా తీయగా మిగిలినది జంప్ కోసమే ప్రత్యేకంగా చేసిన కర్ర అంత తేలికగా చాలాసార్లు ఉండదు. అడ్డు బంతి దూరంగా ఉంటే పని జరిగిపోతుంది. దగ్గరగా ఉంటే కష్టం. అలాంటి కర్ర కొంటుంటే చేతి ముక్క తీసివేసి, మిగిలిన దాన్ని తక్కెడలో పెట్టి చూడండి. 300 గ్రాములు దాటితే మరొకటి చూపించమనండి.

కర్ర మాటకొస్తే, మేలైన క్యూలకు మేపుల్ అనే చలి దేశపు చెట్టు కర్ర వాడతారు. నిలువు చారలు నేరుగా ఉండి గట్టిగా ఉంటుంది. చేతి వైపు అందానికీ బరువుకూ నల్లని ఎబొనీ కలుపుతారు. ఎబొనీకి మన మన్యంలోనే చుట్టం ఉంది. బీడీ ఆకు తెచ్చే తునికి చెట్టు ఆ కుటుంబానిదే. ముదిరిన తునికి చేవ కూడా నల్లగానే ఉంటుంది. బొబ్బిలి వీణకు పనస కర్ర, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర ఎంచుకున్నట్టే దీనికీ తగిన కర్ర ఉంది. అంకుడు మెత్తన. బొమ్మకు ఎంత సుగుణమో క్యూకు అంత లోపం. దెబ్బకు వంగే కర్ర శక్తిని ఊగులాటలో పోగొడుతుంది.

దుకాణంలో కర్ర చేతికి ఇచ్చినప్పుడు వడ్రంగి చెక్కను చూసినట్టు ఒక కన్ను మూసి కొస నుంచి కొసకు చూడండి. తరువాత బల్ల మీద దొర్లించండి. మధ్యలో బల్లకూ కర్రకూ సందు వెలుగు మినుకుమినుకుమంటే వంకర ఉన్నట్టే. అతుకులు బిగించి మెల్లగా తట్టి వినండి. గలగల చప్పుడు రాకూడదు. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. శ్రీకాకుళం తీరంలో వర్షాకాలమంతా గోడకు చేరవేసి ఉంచితే ఎంత మంచి కర్రైనా వంగుతుంది. సంచిలో పెట్టి నిలువుగా వేలాడదీయడం గాని, చదునుగా పడుకోబెట్టడం గాని చేయాలి. ఎండలో వదలకూడదు.

కర్ర కొనకుండానే ఈ సంగతులన్నీ పరీక్షించే దారి మీ దగ్గరే ఉంది. ఒకే పొడవున్న మూడు గూటీబిళ్ల కర్రలు కోయండి. ఒకటి వెదురు, ఒకటి సరుగుడు, ఒకటి లావైన తుమ్మ. కిరాణా కొట్లో తూకం వేయించి బరువులు రాసుకోండి. ఖాళీ పొలంలో, ముందు ఎవరూ లేనప్పుడు మాత్రమే, ఒక్కో కర్రతో పదిసార్లు ఆడి బిళ్ల పోయిన దూరం అడుగులతో కొలవండి. బిళ్ల తగిలి కళ్లు పోగొట్టుకున్నవారున్నారు. కనుక కొసలను సూదిలా చెక్కకుండా మొండిగా ఉంచండి. చూసేవారిని కొట్టేవాడి వెనక నిలబెట్టండి. తగలకుండా పోయిన దెబ్బలను కూడా సున్నాగా లెక్కలో కలిపి సరాసరి కట్టండి. ఏ కర్ర గెలిచిందో, దాని బరువెంతో పక్కపక్కన రాసుకోండి. తరువాత మీకంటె నాలుగేళ్లు పెద్దవారి చేతికి అవే కర్రలిచ్చి మళ్లీ కొలవండి. గెలిచిన కర్ర మారితే ఎందుకు మారిందో చెప్పడానికి కావలసిన లెక్క ఇప్పుడు మీ దగ్గర ఉంది.